మీ మార్కుల పట్టికలో తేదీలు ఏవండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్ టెక్నాలజీ పేజీలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ సేఫ్ అని ఒక పట్టిక వేసారు కదా, విండోస్‌కి పదికి నాలుగు, మ్యాక్‌కి ఎనిమిది, లినక్స్‌కి తొమ్మిది, ఆండ్రాయిడ్‌కి మూడు, ఐఫోన్‌కి తొమ్మిది అని. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైపోయింది, మీకు చోటు చాలకపోతే ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి, తేదీలు మాత్రం ఉంచండి, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్‌ని ఏం కాదు. చుట్టాల్లో స్నేహితుల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ వచ్చేది నాకే, అంతే నా అర్హత. మీ పట్టిక వచ్చిన రోజు కూడా రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి మా బావగారు, ఆయన దగ్గర పాత మ్యాక్ ఉంది, దానికి అప్డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది, ఆయన "చూసావా పేపర్లో, మనది ఎనిమిది, ఇంక నువ్వు నన్ను కొత్తది కొనమని సతాయించకు" అన్నారు. రెండోది నా ఫ్రెండ్, ఈమధ్యే విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాడు, అప్డేట్లు టంచనుగా వస్తున్నాయి, వాడేమో "నాలుగంట రా, అమ్మేయమంటావా" అని గాబరా. నిజానికి ఇద్దర్లో భయపడాల్సింది బావగారు, గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవాల్సింది మావాడు. మీ పట్టిక చూసి ఇద్దరూ రివర్స్‌లో అర్థం చేసుకున్నారు, తప్పు వాళ్ళది కాదు.

ముందు ఆ మార్కులు ఎలా వేసారో చూద్దాం. పట్టిక కింద చిన్న అక్షరాల్లో "గత ఏడాది బయటపడ్డ లోపాల సంఖ్య ఆధారంగా, నిపుణుల అభిప్రాయంతో" అని రాసారు. లోపాల సంఖ్య అంటే సీవీఈ నంబర్లు అనుకుంటా, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో సెక్యూరిటీ లోపం దొరికినా దానికి ఒక నంబర్ ఇస్తారు, ఆ నంబర్లని లెక్కపెట్టడం. ఇక్కడే మొదటి చిక్కు. 2024 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్ (అంటే ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ముక్క) రాసేవాళ్ళు ఇక మా నంబర్లు మేమే ఇచ్చుకుంటాం అని ఆ అధికారం తీసుకున్నారు, తీసుకున్నాక సెక్యూరిటీకి ఏ కాస్త సంబంధం ఉండే అవకాశం ఉన్నా ప్రతి సవరణకీ ఒక నంబర్ ఇవ్వడం మొదలెట్టారు, దాంతో లినక్స్ నంబర్లు ఒక్కసారిగా వేలల్లోకి వెళ్ళిపోయాయి. మరి ఆ నెలలో లినక్స్ అంత చెడిపోయిందా? లేదు, లెక్క రాసే పద్ధతి మారింది, అంతే. లెక్కే ఆధారమైతే మీరు లినక్స్‌కి తొమ్మిది ఎలా ఇచ్చారో నాకైతే అర్థం కాలేదు, బహుశా అక్కడ "నిపుణుల అభిప్రాయం" పనిచేసి ఉంటుంది. ఇంకో సంగతి, లోపం దొరికింది అంటే ఎవరో వెతికారు, దాదాపు ఎప్పుడూ సరిచేసారు కూడా. అసలు ఎవరూ వెతకని సిస్టమ్‌కి సున్నా లోపాలు ఉంటాయి, దానికి పదికి పది ఇస్తామా?

ఇప్పుడు విండోస్ సంగతి. దీనికి చెడ్డపేరు ఊరికే రాలేదు, సంపాదించుకుంది. 2000 మే నెలలో ఐలవ్యూ అని ఒక వైరస్ ఈమెయిల్లో వచ్చింది, గుర్తున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ప్రేమలేఖ అన్న పేరుతో ఒక ఫైల్, చూడ్డానికి చివర టీఎక్స్‌టీ అని ఉంటుంది, మామూలు అక్షరాల ఫైలే కదా అని నొక్కితే వెనకాల దాక్కున్న అసలు తోక వీబీఎస్, అంటే అదొక ప్రోగ్రామ్, మన అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ మన పేరు మీదే ప్రేమలేఖలు పంపేసేది. ఆ తోక ఎందుకు కనపడలేదంటే విండోస్ దాన్ని దాచేస్తుంది కాబట్టి. తమాషా ఏంటంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా విండోస్‌లో ఆ తోకలు దాచి ఉంచడమే డిఫాల్ట్, నేను ఎవరి కంప్యూటర్ ముట్టుకున్నా మొట్టమొదట చేసే పని ఆ సెట్టింగ్ మార్చడం, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. చిన్న పనే, కానీ "బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అని (ఈఎక్స్ఈ తోక ఉంటే అది ప్రోగ్రామ్) వచ్చే వాటిలో సగం అక్కడే పట్టుబడతాయి.

అయితే ఆ పాత విండోస్ వేరు, ఇప్పటి విండోస్ వేరు. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ అనే పెద్ద అప్డేట్‌తో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ గుండా బయటినుంచి దూరేవాటిని ఆపే కాపలా) దానంతటదే ఆన్‌లో ఉండడం మొదలైంది, తర్వాతి విండోస్ విస్టాతో "ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయనా వద్దా" అని అడిగే పెట్టె వచ్చింది (అందరం తిట్టుకున్నాం దాన్ని), 2012లో విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ సిస్టమ్‌లోనే కలిసి వస్తోంది. ఇవాళ మామూలు వాడకానికి ఆ డిఫెండర్ చాలు అని నా అభిప్రాయం, దాని మీద ఇంకోటి వేస్తే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, ట్రయల్ గడువు అయిపోయిన యాంటీవైరస్ పెట్టుకుని దాని హెచ్చరికలకి అలవాటు పడిపోయి కూర్చున్నవాళ్ళని ఎంతమందిని చూసానో.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ వచ్చింది, ప్రపంచమంతా కంప్యూటర్లు తాళం పడిపోయాయి, బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దు చేసారు. ఆ రోజు పేపర్లన్నీ విండోస్ మీద దాడి అని రాసాయి. కానీ ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్డేట్ మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ఇచ్చేసింది. అంటే యాభై తొమ్మిది రోజుల ముందు! అదే విండోస్, అదే పేరు, అప్డేట్ వేసుకున్న మిషన్ల మీద ఆ వైరస్ నెట్‌వర్క్ గుండా వచ్చి పడలేకపోయింది, వేసుకోనివి కొట్టుకుపోయాయి. ఎక్కువగా పోయినవి విండోస్ 7 మిషన్లు, వాటికి అప్పటికి సపోర్ట్ కూడా ఉంది, అప్డేట్ బటన్ నొక్కనివాళ్ళు అంతే. సపోర్ట్ 2014లోనే ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ పాపం మర్నాడు ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చింది, చేతులు కాలాక ఆకులు. ఇప్పుడు చెప్పండి, ఆ రోజు విండోస్‌కి పదికి ఎంత వేస్తారు? అప్డేట్ అయిన దానికా, కానిదానికా?

అందుకే తేదీలు అంటున్నా. విండోస్ 10కి మామూలు అప్డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంట్లో వాడేవాళ్ళు ప్రత్యేకంగా ఎన్‌రోల్ చేసుకుంటే సెక్యూరిటీ అప్డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు, చాలామందికి ఆ సంగతే తెలీదు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్డేట్ పేజీలోనే ఉంటుంది. పోనీ 11కి వెళ్దామంటే దానికి టీపీఎం 2.0 అనే చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా వాళ్ళ లిస్టులో ఉండాలి, బాగా పనిచేస్తున్న మిషన్లు కూడా ఆ గేటు దగ్గరే ఆగిపోయాయి. ఆ చిప్ వల్ల ఉపయోగం లేకపోలేదు, డిస్క్‌ని లాక్ చేసే తాళం అందులో ఉంటుంది, కానీ దానికోసం కోట్ల మందిని పాత సిస్టమ్ మీద వదిలేస్తే మొత్తం మీద సెక్యూరిటీ పెరిగిందా తగ్గిందా అన్నది నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న. ఇదంతా మీ పట్టికలో "విండోస్ - 4" అన్న ఒక్క గడిలోకి ఎలా పడుతుందండి? 10కి నాలుగా, 11కి నాలుగా?

మ్యాక్ దగ్గరకొస్తే, మ్యాక్‌కి వైరస్‌లు రావు అన్న మాట ఇంకా వింటూనే ఉంటా. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అని ఒకటి ఆరు లక్షలకి పైగా మ్యాక్‌లలోకి దూరింది. దారి జావా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం. దాన్ని తయారుచేసే ఒరాకిల్ వాళ్ళు ఆ లోపాన్ని ఫిబ్రవరిలోనే సరిచేసారు, కానీ మ్యాక్‌లకి జావా అప్పట్లో యాపిల్ ద్వారా రావాలి, యాపిల్ ఇచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది, ఆ మధ్యలో జరిగింది ఇదంతా. చూసారా మళ్ళీ తేదీల దగ్గరకే వచ్చాం. 2017 నవంబర్లో ఇంకో విచిత్రం, హై సియెర్రా అనే వెర్షన్‌లో యూజర్ పేరు రూట్ అని కొట్టి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి ఒకటి రెండుసార్లు నొక్కితే అడ్మిన్‌గా లోపలికి రానిచ్చేది, ఒక్క రోజులో సరిచేసారు లెండి.

అలా అని మ్యాక్‌ని తీసిపారేయట్లేదు, బాగానే కట్టారు దాన్ని. యాపిల్ పరీక్షకి వెళ్ళిరాని యాప్‌ని తెరవబోతే ఆపుతుంది, 2024లో వచ్చిన సెకోయా అనే వెర్షన్ నుంచి ఆ ఆపడాన్ని రైట్ క్లిక్‌తో దాటేసే షార్ట్‌కట్ కూడా తీసేసారు. 2019 నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు ముట్టుకోవాలంటే ప్రోగ్రామ్ మనల్ని అడగాలి. మంచివే అన్నీ. కాకపోతే దొంగలు కూడా మారారు కదా, ఇప్పుడు మ్యాక్ మీదకి వస్తున్నవి పాస్‌వర్డ్‌లు, బ్రౌజర్‌లో దాచుకున్న లాగిన్‌లు ఊడ్చుకుపోయే రకాలు, 2023లో అటామిక్ స్టీలర్ అని ఒకదాన్ని టెలిగ్రామ్‌లో నెలవారీ అద్దెకి అమ్మారు. మ్యాక్ వాళ్ళ దగ్గర ఏమీ దొరకదు అనుకుంటే అద్దె కట్టి ఎవరు కొంటారు? ఇక యాపిల్‌తో నా పెద్ద కంప్లయింట్ ఏంటంటే ఫలానా వెర్షన్‌కి ఫలానా రోజు దాకా అప్డేట్లు ఇస్తాం అని ముందుగా ఎక్కడా రాయరు, మామూలుగా చివరి మూడు వెర్షన్లకి ఇస్తూ వస్తారు, అది కూడా మనం గమనించుకుని తెలుసుకోవాల్సిందే. మా బావగారికి తెలియలేదంటే ఆయన తప్పేముంది.

ఇక్కడ నా సొంత బాగోతం ఒకటి చెప్పాలి, సిగ్గుగానే ఉంది. రెండేళ్ళ క్రితం ఒక పీడీఎఫ్ ఫైల్‌ని రెండు ముక్కలు చేయాల్సొచ్చి అర్జెంట్‌గా గూగుల్‌లో వెతికి, మొదట కనపడ్డ లింక్ నొక్కి, అది యాడ్ అని కూడా చూసుకోకుండా ఒక ఫ్రీ టూల్ దించుకుని ఇన్‌స్టాల్ చేసా. పీడీఎఫ్ శుభ్రంగా ముక్కలైంది. రెండ్రోజులకి నా మెయిల్ నుంచి నాకు తెలీని మెయిల్స్ వెళ్ళాయి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఓటీపీ కూడా పెట్టుకునే ఉన్నా, అయినా ఎలా? తర్వాత తెలిసింది, అది బ్రౌజర్‌లో ఉండే కుకీలు ఎత్తుకెళ్ళింది, కుకీ అంటే "ఈయన ఇప్పటికే లాగిన్ అయ్యాడు" అన్న చీటీ లాంటిది, ఆ చీటీ చూపిస్తే పాస్‌వర్డూ అడగరు ఓటీపీ కూడా అడగరు. నా మిషన్ అప్డేట్లన్నీ వేసి ఉంది, యాంటీవైరస్ ఆన్‌లో ఉంది, ఏ లోపాన్నీ వాడలేదు అది, నేనే తలుపు తీసి రమ్మన్నా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అంటారే అలా.

ఈ దెబ్బ తర్వాత నాకు అర్థమైన సంగతి ఇది, కంప్యూటర్లలో పాత పద్ధతి ఏంటంటే నువ్వు నడిపిన ప్రోగ్రామ్ నీతో సమానం, నువ్వు చూడగలిగే ప్రతి ఫైలూ అది చూడొచ్చు, ఫోటోలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, బ్రౌజర్ ఫోల్డర్ అన్నీ. పీడీఎఫ్ కోసే ప్రోగ్రామ్‌కి నా మెయిల్‌తో ఏం పని? ఏం పని లేదు, కానీ ఆపేవాడు కూడా లేడు. విండోస్‌లో మామూలు ప్రోగ్రామ్‌లకి ఇవాళ్టికీ చాలా వరకు ఇంతే, లినక్స్ డెస్క్‌టాప్‌లో కూడా చాలా వరకు ఇంతే. మ్యాక్ కాస్త గోడలు కడుతోంది. ఫోన్లు మాత్రం పుట్టుకతోనే వేరే పద్ధతి, ప్రతి యాప్‌కి ఒక గది, ఒక గదిలోది ఇంకో గదిలోకి తొంగిచూడ్డానికి వీల్లేదు, కెమెరా కావాలన్నా కాంటాక్ట్స్ కావాలన్నా అడగాలి. ఆండ్రాయిడ్‌లో ఇది ఎలా చేసారో తెలుసా, లోపల ఉన్నది లినక్స్ కెర్నలే కదా, లినక్స్‌లో ఒకే మిషన్ మీద చాలామంది యూజర్లు ఉంటే ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడకుండా ఏర్పాటు ఎప్పట్నుంచో ఉంది, ఆండ్రాయిడ్ వాళ్ళు ఒక్కో యాప్‌ని ఒక్కో యూజర్ అన్నట్టు చూపించి ఆ ఏర్పాటునే వాడుకున్నారు. ఆలోచన బాగుంది అనిపించింది నాకు. మీరు మూడు మార్కులు వేసిన ఆండ్రాయిడ్ ఈ ఒక్క విషయంలో, మీరు తొమ్మిది వేసిన లినక్స్ డెస్క్‌టాప్ కంటే చాలా మెరుగు.

మరి ఆండ్రాయిడ్‌కి పేరెందుకు పోయింది అంటే రెండు కారణాలు. ఒకటి మళ్ళీ తేదీలే. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని ఒక లోపం బయటపడింది, ఒక వీడియో మెసేజ్ వస్తే చాలు ఫోన్ చేజారే ప్రమాదం అన్నారు, ఆ గొడవ తర్వాతే 2015 ఆగస్ట్ నుంచి గూగుల్ నెలనెలా సెక్యూరిటీ అప్డేట్లు ఇవ్వడం మొదలెట్టింది. కానీ గూగుల్ ఇవ్వడం వేరు, మన చేతిలో ఉన్న ఫోన్‌కి చేరడం వేరు, మధ్యలో ఫోన్ తయారుచేసిన కంపెనీ ఉంది, వాళ్ళు రెండేళ్ళు ఇచ్చి చేతులు దులుపుకుంటే అంతే సంగతులు. ఇప్పుడు నయం, 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ ఎస్24కి ఏడేళ్ళు ఇస్తామని మాటిచ్చారు, అదే కంపెనీల చవక మోడళ్ళకి ఎన్నేళ్ళో మాత్రం విడిగా చూసుకోవాలి. రెండో కారణం, బయటినుంచి యాప్ ఫైల్ దించుకుని వేసుకునే వెసులుబాటు. నాకు ఆ వెసులుబాటు ఇష్టమే, కానీ "మీ అకౌంట్ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి" అని మెసేజ్‌లో లింక్ పంపేవాళ్ళకి ఇంకా ఎక్కువ ఇష్టం. అలాంటి యాప్ వేసుకున్నాక అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది, చూపు సరిగా లేనివాళ్ళకి స్క్రీన్ చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన పర్మిషన్ అది, ఒప్పుకున్నామా ఇంక స్క్రీన్ మీద ఏముందో చదువుతుంది, మన బదులు బటన్లు కూడా నొక్కుతుంది, గది గోడలన్నీ గాల్లో కలిసినట్టే. 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి యాప్‌లకి ఆ పర్మిషన్ అంత తేలిగ్గా ఇవ్వనీయకుండా అడ్డు పెట్టారు, అయినా దాన్ని దాటడానికి సెట్టింగ్స్‌లో ఎక్కడ నొక్కాలో దొంగలే ఫోన్‌లో ఓపిగ్గా చెప్పి నొక్కిస్తున్నారనుకోండి.

ఐఫోన్‌కి తొమ్మిది వేసారు, దాని మీద నాకు పెద్ద పేచీ లేదు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ అప్డేట్ వచ్చింది, దాదాపు పదేళ్ళు, ఇది ఒప్పుకోవాలి. పెగాసస్ లాంటి గూఢచారి సాఫ్ట్‌వేర్‌లు ఐఫోన్‌లలోకి కూడా దూరాయి, ఏమీ నొక్కకుండానే మెసేజ్ వస్తే చాలు అన్నట్టు దూరాయి, దానికి జవాబుగా 2022లో ఫోన్‌లో చాలా దారులు మూసేసే లాక్‌డౌన్ మోడ్ పెట్టారు. కానీ అవి జర్నలిస్టుల మీద, ఉద్యమకారుల మీద ప్రభుత్వాలు వాడే ఖరీదైన ఆయుధాలు, మీ రిపోర్టర్లకి అవసరం పడొచ్చేమో గానీ మా బావగారి మీద ఎవరూ వాడరు.

లినక్స్ వాళ్ళు నన్ను తిట్టేలోపు అది కూడా చెప్తా, నేను పదేళ్ళుగా ఇంట్లో లినక్స్ వాడుతున్నా. అది సేఫ్ అనడానికి అసలు కారణం జనం అనుకునేది కాదు. సాఫ్ట్‌వేర్ కావాలంటే వెబ్‌సైట్ల వెంట తిరగక్కర్లేదు, డిస్ట్రో వాళ్ళ (అంటే లినక్స్‌ని వాడేందుకు వీలుగా కూర్చి ఇచ్చేవాళ్ళ) సొంత గోడౌన్ ఒకటి ఉంటుంది, వాళ్ళు సంతకం పెట్టిన ప్యాకేజీలే వస్తాయి, అప్డేట్ అంటే సిస్టమ్ ఒక్కటే కాదు అన్ని యాప్‌లూ ఒకే దెబ్బతో అవుతాయి. ఆ రోజు నేను లినక్స్ మిషన్ ముందు కూర్చుని ఉంటే పీడీఎఫ్ టూల్ ఆ గోడౌన్ నుంచే తెచ్చుకునేవాణ్ణి, నా మెయిల్ పోయేది కాదు. ఉబుంటు అనే డిస్ట్రోలో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) లాంటి వాటికి ఐదేళ్ళు అప్డేట్లు ఇస్తామని మొదటిరోజే తేదీతో సహా చెప్తారు, అదీ పద్ధతి.

అయినా తొమ్మిది ఎక్కువే. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే డిస్ట్రో వెబ్‌సైట్‌ని హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింక్‌ని దొంగ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వైపు తిప్పేసారు, ఆ రోజు కొత్తగా లినక్స్‌కి వద్దామని ఉత్సాహపడ్డవాళ్ళు తలుపుకి కన్నంతో సహా ఇన్‌స్టాల్ చేసుకున్నారు. ఇక 2024 మార్చిలో జరిగిన ఎక్స్‌జెడ్ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్ళని కుదించే చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది, దాన్ని చూసుకునేది దాదాపు ఒక్క మనిషి, అలసిపోయి ఉన్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్ళకి పైగా బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి బాధ్యత చేతికొచ్చాక 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టేసారు. కంచే చేను మేయడం అంటే ఇదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజనీర్ తన మిషన్‌లోకి లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటా అని తవ్వితే మార్చి 29న బయటపడింది. అప్పటికి ఎక్కువగా టెస్టింగ్ వెర్షన్లలోకి, ఎప్పటికప్పుడు కొత్తవి వచ్చిపడే కొన్ని డిస్ట్రోలలోకి వెళ్ళింది, జనం ఎక్కువగా వాడే స్థిరమైన వెర్షన్లలోకి రాలేదు. లినక్స్‌ని కాపాడింది మైక్రోసాఫ్ట్ ఉద్యోగి అన్న ముక్క నేను మా లినక్స్ గ్రూప్‌లో అంటే రెండ్రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టే అతను తవ్వి చూడగలిగాడు అన్నారు వాళ్ళు, అదీ నిజమే, కానీ ఆ అర సెకను అతనికి చిరాకు తెప్పించకపోతే ఏమయ్యేదో.

పెద్దవాళ్ళకి లినక్స్ వేసిస్తే వైరస్ గొడవే ఉండదు అని సలహా ఇస్తుంటారు, నేనూ ఇచ్చా. వేసినవాడు పక్కనుంటే బ్రహ్మాండం. లేకపోతే ఏదో పనిచేయట్లేదని ఇంటర్నెట్‌లో వెతికి, ఎవరో రాసిన సుడో కమాండ్‌ని (అడ్మిన్ అధికారంతో నడిచేది) తెచ్చి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, అతికించి ఎంటర్ కొడతారు, అడ్మిన్ పాస్‌వర్డ్‌తో సహా. ఇది ఇప్పుడు అన్ని సిస్టమ్‌లకీ పాకింది, "మీరు రోబో కాదని నిరూపించండి" అని ఒక పేజీ వస్తుంది, విండోస్ బటన్, ఆర్ నొక్కి, కంట్రోల్ వీ కొట్టి, ఎంటర్ నొక్కమంటుంది, మనకి తెలీకుండా క్లిప్‌బోర్డ్‌లో అది పెట్టిన కమాండ్ మన చేత్తోనే నడుస్తుంది. మ్యాక్ వాళ్ళకైతే టెర్మినల్ తెరవమంటుంది. రోబో కాదని నిరూపించుకోవడానికి కీబోర్డ్ షార్ట్‌కట్‌లు కొట్టమని నిజమైన సైట్ ఏదీ అడగదు, ఈ ఒక్క వాక్యం మీ పేపర్లో బాక్స్ కట్టి వేసినా ఆ పట్టిక కంటే ఎక్కువమందికి పనికొస్తుంది.

గూగుల్ సొంత సిస్టమ్‌తో వచ్చే ల్యాప్‌టాప్, క్రోమ్‌బుక్‌ని మీరు పట్టికలో పెట్టనే లేదు. బ్రౌజర్, మెయిల్, వీడియోలు తప్ప ఇంకేం వాడని మనిషికి నేనైతే అదే చెప్తా, ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమ్ ఫైళ్ళు మారాయేమో తనే చూసుకుంటుంది, ఈఎక్స్ఈ ఫైల్ దించినా నడవదు, అప్డేట్లు పదేళ్ళు ఇస్తామని 2023లో ప్రకటించారు. ఫొటోషాప్ లాంటివి నడవవు, సరే.

ఇంకోటి, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్డేట్ తేడా కొట్టి 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి కదా, దాన్ని కూడా మీ వ్యాసంలో విండోస్ ఖాతాలో రాసారు. అది వైరస్ కాదు, హ్యాకింగ్ కాదు, కంపెనీలు వేసుకునే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు ఫైల్, ఇళ్ళలో కంప్యూటర్లకి దానితో సంబంధమే లేదు. బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని కెర్నల్ దాకా ఎందుకు రానిస్తారు అని విండోస్‌ని అడగొచ్చు, అడగాలి కూడా, మ్యాక్ వాళ్ళు ఆ తలుపు ముందే మూసుకుంటూ వచ్చారు. కానీ అది వేరే వ్యాసం.

మర్చిపోయా, డిస్క్ లాక్ (తాళం లేనివాళ్ళు డిస్క్‌లోది చదవలేకుండా చేయడం) గురించి మీ వాళ్ళు ఒక్క ముక్క రాయలేదు. మామూలు మనిషికి హ్యాకర్ ఎదురయ్యే అవకాశం కంటే ల్యాప్‌టాప్ పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. నాది ఒకసారి ప్రయాణంలో పోయింది, లాగిన్ పాస్‌వర్డ్ ఉందిలే అనుకున్నా, డిస్క్ ఊడదీసి ఇంకో మిషన్‌కి తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ ఎందుకూ పనికిరాదని అప్పటిదాకా ఆలోచించలేదు. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే టిక్ మార్క్, ఫోన్లలో అయితే స్క్రీన్ లాక్ పెడితే చాలు. ఆన్ చేసాక అది ఇచ్చే రికవరీ కీ (తాళం పోతే తెరిచే అసలు కోడ్) మాత్రం వేరే చోట రాసి పెట్టుకోవాలి, లేకపోతే దొంగకి బదులు మనమే బయట ఉండిపోతాం.

కాబట్టి ఎడిటర్ గారూ, ఆ పట్టిక మళ్ళీ వేసే ఉద్దేశం ఉంటే మార్కులు తీసేసి మూడు గడులు పెట్టించండి: ఈ వెర్షన్‌కి అప్డేట్లు ఏ తేదీ దాకా వస్తాయి, యాప్‌లు ఎక్కడి నుంచి వస్తాయి, వచ్చిన యాప్ మనల్ని అడక్కుండా ఏమేం చూడగలదు. విండోస్ 10, విండోస్ 11 వేరువేరు వరసల్లో ఉండాలి, మ్యాక్‌కి కూడా వెర్షన్ల వారీగా వరసలు ఉండాలి. ఫోన్లకైతే మోడల్ మోడల్‌కీ తేడా వస్తుంది, పేజీ చాలదు, కనీసం సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ అప్డేట్" అన్న చోట ఏ తేదీ ఉందో చూసుకోమని ఒక బొమ్మ వేయండి. ఈ ఉత్తరం రాసే ముందు నేను మా అమ్మ ఫోన్ తీసి చూసా, అక్కడ ఉన్న తేదీకి పద్దెనిమిది నెలలు నిండాయి, అప్డేట్ కోసం వెతకమంటే "మీ ఫోన్ అప్ టు డేట్‌గా ఉంది" అంటోంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు